ఆయన నీకేమవుతాడు?



మన వైపు వరుసలు కలుపుకోవడం చాలా తేలిక. పక్కింటాయన బాబాయి అవుతాడు, దుకాణం ఆయన మామ అవుతాడు. ఇది మంచి అలవాటే. కాని పదిహేను, పదహారేళ్ల పిల్ల తల్లిదండ్రులకు దూరంగా, రక్తసంబంధం లేని పెద్దమనిషి ఇంట్లో ఉంటున్నప్పుడు ఈ పిలుపే అడ్డు వస్తుంది. "మామ దగ్గర ఉంటుంది" అనగానే ఎవరూ రెండో మాట అడగరు. చాలాసార్లు ఆ రెండో మాట అడిగేది పక్క బెంచీలో కూర్చునే స్నేహితురాలే. "ఆయన నీకేమవుతాడే?" అంటుంది. ఆ పిల్లను మనం నోరు మూసుకొమ్మంటాము.

మహబూబాబాద్ జిల్లాలో గూడూరు, కొత్తగూడ, బయ్యారం వైపు తండాల నుంచి మిరపకాయలు ఏరే కాలంలో ఆలుమగలిద్దరూ ఖమ్మం, గుంటూరు వైపు వెళ్లిపోతారు. జనగామ నుంచి హైదరాబాదుకు కట్టుబడి పనులకు పోతారు. భూపాలపల్లిలో బొగ్గు గనుల దగ్గర, చెల్పూరు విద్యుత్ కేంద్రం దగ్గర కాంట్రాక్టు పనులకు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. చదువు ఆగకూడదని పిల్లను తెలిసినవారి ఇంట్లో పెడతారు. ఇంటి పనిలో కాస్త సాయం, బదులుగా తిండి, చదువు. కాగితం ఏమీ ఉండదు. అలా ఉండి చదువుకొని ఈ రోజు నర్సులైనవారు నాకు తెలుసు. కాబట్టి ప్రతి ఇంటినీ అనుమానించమని నేను చెప్పడం లేదు.

కొంతకాలం క్రితం ఇంటర్ చదివే ఒక అమ్మాయి కడుపునొప్పితో ఓ.పి.కి వచ్చింది. నెలలో అది మూడోసారి. పరీక్షల్లో ఏమీ లేదు. వెంట వచ్చిన స్నేహితురాలు నా దగ్గరకు వచ్చి, "సిస్టరమ్మా, ఇది ఉండే ఇంట్ల ఆడోళ్లు ఎవరూ లేరు. మీరన్నా అడుగుండ్రి" అన్నది. రోగిపిల్లకు కోపం వచ్చింది. "నీకెందుకే? ఆయన మంచిగనే చూసుకుంటుండు" అని కసిరింది. మేము స్నేహితురాలిని బయట కూర్చోబెట్టి, ఒక స్టాఫ్ నర్సును తోడు పెట్టుకొని ఆ అమ్మాయితో విడిగా మాట్లాడాము. తొందరపెట్టలేదు. చెడు ఏమీ జరగలేదనే చెప్పింది. అయితే ఆమె పడుకునే గదికి లోపల గొళ్లెం లేదు. ఆయన ఫోను కొనిచ్చాడు, రోజూ రాత్రి దాన్ని తీసుకొని చూస్తాడు. ఫోను సంగతి అమ్మకు చెప్పవద్దన్నాడు.

ఆ చివరి మాటే నన్ను ఆపింది. పిల్లకు ఏదైనా ఇచ్చి, ఇంట్లో చెప్పవద్దు అనే పెద్దమనిషి విషయంలో ఇంకా రుజువు కోసం ఎదురుచూడనక్కరలేదు. 1098కి ఫోను చేశాము. శిశు సంక్షేమ సమితి వారు తల్లిని పిలిపించారు. తల్లి మొదట మా మీదనే కోప్పడింది, గొళ్లెం సంగతి విన్నాక ఏమీ మాట్లాడలేదు. అమ్మాయికి కస్తూర్బా విద్యాలయంలో చోటు దొరికింది. కడుపునొప్పి మళ్లీ రాలేదు. స్నేహితురాలితో మాత్రం చాలా రోజులు మాట్లాడలేదట.

జనగామ ప్రాంతపు పెద్దలకు ఆడబాప అనే మాట తెలిసే ఉంటుంది. నిజాం కాలంలో పేదింటి ఆడపిల్లలను దొరల గడీల్లో ఉంచుకొనేవారు, దొర కూతురికి పెళ్లయితే వాళ్లనూ ఆమెతో పంపేవారు. ఆ పిల్ల గురించి అడిగే హక్కు కన్నవారికి కూడా ఉండేది కాదు. విసునూరు దేశ్‌ముఖ్ మీద తిరగబడిన ఊళ్లు ఇవి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణం ఇచ్చాడు. అలాంటి చోట ఇప్పుడు ఒక పిల్ల తన స్నేహితురాలి గురించి అడిగితే "పెద్దవాళ్ల సంగతి నీకెందుకు" అనడం నాకు నచ్చదు.

చట్టం కూడా అడిగేవారి వైపే ఉంది. 18 ఏళ్లు నిండనివారందరూ చట్టం దృష్టిలో పిల్లలే. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం, పిల్ల ఎవరి దగ్గర ఉంటుందో ఆ మనిషే, సంరక్షకుడైనా కాకపోయినా, ఆమెను హింసించినా, వాడుకున్నా, పట్టించుకోకపోయినా ఆమెకు రక్షణ ఇవ్వాలి. అలాంటి పిల్లను సమితి ముందుకు తీసుకురాగలవారిలో నర్సు పేరు కూడా చట్టంలో రాసి ఉంది. మా సిస్టర్లలోనే చాలామందికి ఇది తెలియదు. లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చని భయం ఉన్నా పోలీసులకు చెప్పాలని 2012 నాటి పోక్సో చట్టం అంటుంది. మంచి ఉద్దేశంతో చెప్పినవారిపై కేసు ఉండదు. మగపిల్లలకూ ఇదే వర్తిస్తుంది. హోటళ్లలో, మెకానిక్ షెడ్లలో యజమాని దగ్గరే పడుకొనే కుర్రవాళ్ల గురించి ఎవరూ అడగరు.

ఇది చదివే అమ్మాయిలకు ఒక మాట. నీ స్నేహితురాలి గురించి దిగులుగా ఉంటే ఆ ఇంటికి వెళ్లి ఆయనను నిలదీయవద్దు, తరగతిలో నలుగురి ముందు అడగవద్దు, వాట్సాప్‌లో పెట్టవద్దు. ఇద్దరే ఉన్నప్పుడు అడుగు. రాత్రి ఎక్కడ పడుకుంటావు? ఆదివారం మీ ఇంటికి పోనిస్తారా? నీ ఆధార్ కార్డు ఎవరి దగ్గర ఉంది? నేను మీ ఇంటికి రావచ్చా? ఆమె తిడితే తిట్టనీ. "ఎవరికీ చెప్పను" అని మాత్రం ఒట్టు వేయవద్దు. టీచరమ్మకో, అంగన్‌వాడీ అక్కకో, ఆశా అక్కకో చెప్పు.

తల్లిదండ్రులారా, పిల్లను ఒకరింట్లో పెట్టక తప్పకపోతే ముందుగా ఆ ఇంట్లో ఒక రాత్రి మీరూ ఉండి చూడండి. వారానికోసారి, పక్కన ఎవరూ లేనప్పుడు పిల్లతో ఫోనులో మాట్లాడండి. పిల్లను బాగా చూసుకొనేవారు దీనికి నొచ్చుకోరు.

1098 రాత్రి పగలు పనిచేస్తుంది, డబ్బు పడదు. 2023 నుంచి దీన్ని ప్రభుత్వ మహిళా శిశు సంక్షేమ శాఖే నడుపుతోంది. పిల్ల పేరు, వయసు, ఊరు, ఇంటి గుర్తు, మీకు దిగులు ఎందుకు కలిగిందో చెబితే చాలు. ఫోను లేకపోతే మా ఓ.పి.లో సిస్టర్‌ని అడగండి, మా టేబుల్ మీది ఫోను నుంచే చేయవచ్చు.