తాళం చక్రానికి వేశాం.. మరి సీటుకి?

సైకిల్ మొత్తం పోనక్కర్లేదు. సీటో, ముందు చక్రమో పోయినా ఆ రోజు ప్రయాణం ఆగినట్టే. దాన్ని అడ్డుకునే సెక్యూరిటీ బోల్టుల గురించి తెలుసుకుందాం. వాటి వెనకున్న లెక్క ఇంటర్వ్యూ గదిలోనూ పనికొస్తుంది.

చాట్రాయి చుట్టుపక్కల పల్లెల నుంచి నూజివీడు వెళ్లి చదువుకునేవాళ్లకి ఈ దినచర్య కొత్త కాదు. ఇంటి నుంచి బస్టాపు దాకా సైకిల్, అక్కడి నుంచి బస్సు. పొద్దున పెట్టిన సైకిల్ సాయంత్రం దాకా చెట్టు కిందో, కొట్టు పక్కనో నిలబడే ఉంటుంది. కాపలా ఎవరూ ఉండరు. తాళం వేశాం కదా అని మన ధైర్యం. కానీ ఆ తాళం పట్టుకునేది ఒక్క వెనక చక్రాన్నే. సీటు, ముందు చక్రం, లైటు, బెల్లు.. వీటికి తాళం ఎవరేశారు?

పాత నల్ల సైకిల్ రోజుల్లో ఇంత దిగులు లేదు. చక్రం విప్పాలంటే పానా కావాలి, బలం కావాలి. నట్టు తుప్పు పట్టి ఉంటే ఓపిక కూడా కావాలి. ఇప్పుడొచ్చే గేర్ సైకిళ్లలో చాలావాటికి సీటు దగ్గరో, చక్రాల దగ్గరో క్విక్ రిలీజ్ అనే చిన్న లివర్ ఉంటుంది. ఇటలీ సైకిల్ రేసర్ టుల్లియో కాంపాగ్నోలో 1930ల్లో ప్రచారంలోకి తెచ్చిన ఏర్పాటు ఇది. రేసు మధ్యలో చలికి వేళ్లు కొంకర్లు పోయినా పనిముట్టు లేకుండా చక్రం విప్పుకోవాలన్నది దాని ఉద్దేశం. మనకు సులువైనది దొంగకీ సులువే కదా!

మన వైపు మామిడి కోతల కాలం, ఎంట్రన్సుల కాలం ఒక్కటే. ఏప్రిల్, మే నెలల్లో పరీక్షల మీద పరీక్షలు. నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వమని హాల్‌టికెట్ మీదే ఉంటుంది. అలాంటి రోజున సీటు లేని సైకిల్ ఎదురైతే నష్టం ఆ సీటు ధర కాదు, మొదటి బస్సు.

దొంగ చూసేవి రెండే

మామిడి తోట చుట్టూ ముళ్లకంప ఎందుకు వేస్తారు? కంప దాటలేనిదేం కాదు. కత్తితో నరికితే దారి పడుతుంది. కానీ దానికి కత్తి ఉండాలి, సమయం పట్టాలి, చప్పుడవుతుంది. అంత అవసరమా అనుకున్నవాడు వెనక్కి తిరుగుతాడు.

సెక్యూరిటీ బోల్టు చేసే పనీ అదే. దాన్ని ఎవరూ విప్పలేరని కాదు. మామూలు పానాతో, మామూలు అలెన్ కీతో, పది సెకన్లలో విప్పలేరని. దారిన పోతూ చేతికి దొరికింది పట్టుకుపోయేవాణ్ని ఇది ఆపుతుంది. గ్రైండర్ తెచ్చుకున్నవాణ్ని ఏ బోల్టూ ఆపలేదు. మీరు ఎవరిని ఆపాలనుకుంటున్నారో ముందు తేల్చుకుంటే ఎంత ఖర్చు పెట్టాలో తెలుస్తుంది.

పోయాక చూసుకుందాంలే అనుకోవద్దు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం, రూ.5 వేల లోపు విలువైన వస్తువు దొంగిలించి, మొదటిసారి దోషిగా తేలిన వ్యక్తి ఆ వస్తువునో, దాని విలువనో తిరిగిచ్చేస్తే అతనికి పడేది సమాజ సేవ శిక్ష. సైకిల్ సీటు, లైటు సాధారణంగా ఆ లోపలివే. ఫిర్యాదు చేయాల్సిందే. కానీ మర్నాటి బస్సు అందుకోవడానికి ఫిర్యాదు సాయపడదు, ముందు జాగ్రత్తే సాయపడుతుంది.

బోల్టుల్లో రకాలు

అలెన్ స్క్యూవర్: క్విక్ రిలీజ్ లివర్ తీసేసి, ఆ స్థానంలో అలెన్ కీతో బిగించే కడ్డీ వేసుకోవడం. ఇది మొదటి మెట్టు. ఉత్తి చేత్తో లాగేసేవాడి పని ఇక్కడితో ఆగిపోతుంది. అయితే అలెన్ కీలు హార్డ్‌వేర్ షాపులో ఎవరికైనా దొరుకుతాయి.

పిన్ టార్క్స్ బోల్టు: ఆరు కోణాల నక్షత్రంలా గుంట ఉండే టార్క్స్ బోల్టు 1967లో అమెరికాలో పుట్టింది. ఆ గుంట మధ్యలో చిన్న పిన్ను నిలబెడితే అదే సెక్యూరిటీ టార్క్స్. మధ్యలో రంధ్రం ఉన్న బిట్ అయితేనే లోపలికి దిగుతుంది. ఆ బిట్ సెట్లు ఆన్‌లైన్‌లో అమ్ముతారు కాబట్టి ఇది పూర్తి రక్షణ కాదు. కానీ దొంగ జేబులో అది ఉండే అవకాశం తక్కువ.

కోడ్ నట్టు: ఒక్కో సెట్‌కీ ఒక్కో ఆకారం. దానికి సరిపడే తాళంచెవి సెట్‌తోనే వస్తుంది. కెనడాకు చెందిన పిన్‌హెడ్, జర్మనీకి చెందిన పిట్‌లాక్ ఈ రకం. జర్మనీలోనే తయారైన హెక్స్‌లాక్స్ ఇంకో దారి పట్టింది. ఉన్న అలెన్ బోల్టు గుంటలోనే అయస్కాంతం ఉన్న చిన్న మూతను కూర్చోబెడుతుంది. బోల్టు మార్చక్కర్లేదు, కానీ అది అయస్కాంతానికి అతుక్కునే ఉక్కుదై ఉండాలి. ఇవి ఖరీదైనవి. సైకిల్ కూడా ఖరీదైనదైతేనే వీటి గురించి ఆలోచించండి.

ఒకసారికే పనికొచ్చేవి: బిగించేటప్పుడు పైభాగం విరిగిపోయి, నున్నటి ముక్క మాత్రమే మిగిలే నట్లు ఇవి. పానాకి పట్టు దొరకదు. హైటెన్షన్ టవర్ల కింది భాగంలో వాడే యాంటీ థెఫ్ట్ బోల్టుల్లో ఈ రకమూ ఉంది. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు తప్పనిసరి చేసిన హై సెక్యూరిటీ నంబర్ ప్లేటు స్నాప్‌లాక్‌దీ ఇదే సూత్రం, విరగ్గొడితే తప్ప రాదు. సైకిల్ చక్రానికి మాత్రం ఇవి వద్దు. పంక్చర్ పడిన రోజు ఇబ్బంది పడేది మీరే.

డబ్బు పెట్టలేకపోతే..

రెండు చిట్కాలు సైకిల్ షాపులోనే దొరుకుతాయి. మొదటిది పాత చైను. దాన్ని పాత ట్యూబు ముక్కలో దూర్చి, సీటు కింది కమ్మీల గుండా ఫ్రేము చుట్టూ తిప్పి, చైన్ కట్టర్‌తో కలిపించండి. ట్యూబు ఉంటుంది కాబట్టి రంగు గీసుకుపోదు. సీటు పట్టుకుపోవాలంటే చైను తెగ్గొట్టాల్సిందే.

రెండోది బేరింగ్ గోళీ. అలెన్ బోల్టు గుంటలో సరిపడే ఉక్కు గోళీ పెట్టి, పైన కొవ్వొత్తి మైనం నింపండి. కీ లోపలికి దిగదు. మీకు కావాల్సినప్పుడు మైనం గీకి, అయస్కాంతంతో గోళీ తీసుకోవచ్చు. ఇదేం ఉక్కు కోట కాదు. కంప వేసినట్టు, అంతే.

బోల్టులు విడిభాగాల్నే కాపాడతాయని గుర్తుపెట్టుకోండి. సైకిల్‌ని కదలని కడ్డీకి, ఫ్రేముతో కలిపి గొలుసు వేయకపోతే మొత్తం భుజాన వేసుకుని పోతారు. పెడల్స్ మధ్య గొట్టం అడుగున సాధారణంగా ఫ్రేమ్ నంబర్ కొట్టి ఉంటుంది. దాన్ని ఇవాళే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఫిర్యాదులో రాయాల్సింది అదే.

కొనేముందు, బిగించేముందు

* కొలత చూసుకోండి. ఎం5 అంటే మర వ్యాసం 5 మి.మీ., సాధారణ మర దూరం 0.8 మి.మీ. ఎం6కి అది 1 మి.మీ. పాత బోల్టుని షాపుకి పట్టుకెళ్లి పోల్చుకోవడం అన్నిటికంటే క్షేమం.

* హ్యాండిల్, బ్రేకుల దగ్గర బోల్టులు మార్చకండి. అక్కడ ప్రాణం ఆధారపడి ఉంటుంది. తప్పదనుకుంటే అదే బలం ఉన్న గ్రేడు వేయాలి. తల మీద 8.8 అని ఉంటే దాని తన్యబలం 800 మెగాపాస్కల్స్, అందులో 80 శాతం, అంటే 640 దగ్గర అది సాగడం మొదలవుతుంది. స్టెయిన్‌లెస్ ఏ2-70 అయితే తన్యబలం 700. మెరుస్తోంది కదా అని బలమైనదనుకోకూడదు.

* బలం కొద్దీ బిగించకండి. సీటు క్లాంపు మీద న్యూటన్ మీటర్లలో అంకె ముద్రించి ఉంటే అదే హద్దు. మరకు కాస్త గ్రీజు రాస్తే వానాకాలం దాటాక కూడా విప్పడానికి వస్తుంది.

* కోడ్ తాళంచెవి నంబర్ విడిగా రాసి ఇంట్లో పెట్టండి. తాళంచెవి పోతే మీ సైకిల్‌కి మీరే దొంగలా నిలబడాలి.

ఇంటర్వ్యూలో ఇదెలా పనికొస్తుంది?

ఆగస్టే కెర్కాఫ్స్ అనే భాషావేత్త 1883లో సైనిక రహస్య లిపుల గురించి రాస్తూ ఒక సూత్రం చెప్పాడు. పద్ధతి శత్రువుకి తెలిసిపోయినా ఫర్వాలేదు, తాళంచెవి ఒక్కటి దొరక్కుండా ఉంటే వ్యవస్థ భద్రంగా ఉండాలి అని. ఇప్పటి ఎన్‌క్రిప్షన్ ఈ సూత్రం మీదే నడుస్తోంది. పిన్ టార్క్స్‌ని ఈ గీటురాయి మీద పెట్టి చూడండి. అది నమ్ముకున్నది బిట్ అందరి దగ్గరా లేకపోవడాన్ని. కోడ్ నట్టు నమ్ముకున్నది మీ ఒక్కరి తాళంచెవిని. సైబర్ సెక్యూరిటీ ఇంటర్వ్యూలో ‘సెక్యూరిటీ త్రూ అబ్‌స్క్యూరిటీ’ అంటే ఏంటని అడిగితే, పుస్తకంలోని నిర్వచనం కంటే ఈ రెండు బోల్టుల పోలిక బాగా నిలుస్తుంది. ఎవరిని ఆపాలో ముందు తేల్చుకోవడం ‘థ్రెట్ మోడల్’. తాళంచెవి నంబర్ ఇంట్లో దాచుకోవడం ‘కీ మేనేజ్‌మెంట్’.

మెకానికల్ వాళ్లకైతే మర కొలతలు, గ్రేడులు, టార్క్ అన్నీ ఒకే సైకిల్ మీద కనిపిస్తాయి. మినీ ప్రాజెక్టుకి అంశం దొరకడం లేదా? మీ సైకిల్‌నే తీసుకోండి. ఉత్తి చేత్తో వచ్చే భాగాలెన్ని, ఒక్క అలెన్ కీతో వచ్చేవెన్ని, పానా కావాల్సినవెన్ని.. జాబితా రాయండి. ఒక్కోటి విప్పడానికి ఎన్ని సెకన్లు పట్టిందో స్టాప్‌వాచ్‌తో కొలవండి. బోల్టులు మార్చాక మళ్లీ కొలవండి. పెరిగిన సెకన్లు ఒక పక్క, పెట్టిన రూపాయలు ఇంకో పక్క రాస్తే ఏ బోల్టుకి ఖర్చు పెట్టడం దండగో అదే చెబుతుంది. పక్కవాళ్ల సైకిల్ మీద మాత్రం వాళ్ల అనుమతి లేకుండా చెయ్యి వేయొద్దు!

‘సమస్య చూశాను, కొలిచాను, తక్కువ ఖర్చుతో తగ్గించాను, మళ్లీ కొలిచాను’ అని నాలుగు ముక్కల్లో చెప్పగలిగే పని ఫ్రెషర్ రెజ్యూమెలో ఒక్కటున్నా చాలు, ఇంటర్వ్యూ చేసేవాళ్లకి అడగడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. ఈ ఆదివారం ఓ గంట కేటాయించి, ముందు సీటు బోల్టు దగ్గర మొదలుపెట్టండి.