చిన్న సరుకుబండికి పెద్ద యింజను: చట్రము ఓర్చునా?

బోగోలు మండలమున జువ్వలదిన్నె మొదలగు తీరగ్రామములనుండి చేపలును, రొయ్యల చెఱువులకు మేతయు మంచుగడ్డలును, మాగాణి పల్లెలనుండి ధాన్యపు బస్తాలును నేడు చిన్న సరుకుబండ్లమీదనే పెక్కుగా పోవుచున్నవి. ఎడ్లబండి చేసిన పనిని ఇప్పుడివి చేయుచున్నవి. ఇట్టి బండి కొన్న రైతులు కొందఱు, నాలుగైదేండ్లు గడచిన పిమ్మట, "ఇంజను బలము చాలుట లేదు. పాత సామానుల అంగడిలో పెద్ద యింజను చవుకగా దొరకును. చట్రమును కొంచెము కోయించి, రెండు పట్టెలు వెల్డింగు చేయించి దానిని దింపిన నెట్లుండును?" అని అడుగుదురు. ప్రశ్న సహజమైనదే. అప్పుచేసి కొన్న బండిమీద మఱల అప్పుచేసి పెట్టబోవు సొమ్ము గనుక, దీనిని నిదానముగా విచారింపవలయును.

ముందుగా ఎంత శక్తి అవసరమో లెక్క చూతము. బండియు సరుకును కలిసి 1500 కిలోగ్రాములనుకొందము. చదునైన తారుబాటమీద చక్రములు దొరలుటకు ఆ బరువులో నూటికి ఒకటిన్నర వంతు, అనగా సుమారు 22 కిలోగ్రాముల లాగుడు చాలును. గంటకు 40 కిలోమీటర్ల వేగమున దీనికి మూడు, మూడున్నర అశ్వశక్తులు పట్టును. గాలి అడ్డును కలిపినను ఐదారు మించదు. కావలికిని నెల్లూరికిని నడుమనున్న మన సీమ చదునైనది. ఎక్కవలసిన ఘాట్లు లేవు. కాబట్టి 16 అశ్వశక్తుల యింజను సరియైన స్థితిలో నున్నంతవరకు తక్కువైనది కాదు.

ఇక సముద్రపుటొడ్డున వదులు ఇసుక సంగతి. అచ్చట లాగుడు బరువులో నూటికి ఇరువది వంతుల వరకు పెరుగును; అనగా 300 కిలోగ్రాములు. అయినను గంటకు 5 కిలోమీటర్ల మెల్లని నడకతో పోవునెడల కావలసినది ఐదున్నర అశ్వశక్తులే. ఇసుకలో వలసినది చిన్న గేరును, చక్రములకు పట్టును. పెద్ద యింజను చక్రమును మఱింత వడిగా త్రిప్పి, ఇరుసువఱకు గోయి త్రవ్వును గాని బండిని కదల్పదు. ఇసుక దాటునంతవరకు టైర్లలో గాలి కొంత తగ్గించి, గట్టిబాట చేరగానే మఱల నింపుట ఇంతకంటె మేలైన ఉపాయము.

ఇంతటితో నూరుకొనక పెద్ద యింజనునే పెట్టదలచినవారు చట్రము చేయు పనిని తెలిసికొనవలయును. సరుకుబండి చట్రము నిచ్చెనవంటిది: రెండు ప్రక్కల నిలువు పట్టెలు, వానిని కలుపు అడ్డుపట్టెలు. బరువు వేసినప్పుడు పట్టె పై అంచు నొక్కుకొనును, క్రింది అంచు సాగును. నడిమి భాగమునకు ఒత్తిడి తక్కువ. ఇదిగాక ఇంజను త్రిప్పుడు బలము మొదటి గేరులో సుమారు నాలుగు రెట్లయి ఇరుసునకు పోవును. ఆ బలమునకు ఎదురుబలము ఇంజనును నిలుపు రబ్బరు దిమ్మలమీదను, అవి కూర్చున్న అడ్డుపట్టెమీదను పడి చట్రమును మెలిపెట్టును. చిన్నబండికి కట్టిన పెద్ద ఒంగోలు ఎడ్లు ఒక్కసారి కాడిని ముందుకు త్రోసినచో బండి కదలుటకు ముందే నొగలు పలుకుటను రైతులెల్లరు ఎఱుగుదురు. ఇదియు నట్టిదే.

వెల్డింగు చేయునప్పుడు చాలమంది చేయు తప్పు, పట్టె క్రింది అంచునకు అడ్డముగా కాల్చుట. ఆ వేడిమికి చుట్టునున్న యినుము గుణము మారును. గట్టు ఆగినచోట వెండ్రుకవంటి పగులు పుట్టి, గతుకు గతుకునకు పెరిగి, ఒకనాడు బరువుతో నున్నప్పుడే తెగును. బలపఱుప వలసిన చోట పొడవైన పట్టీని చివరలు ఏటవాలుగా కోసి, పట్టె నిలువు ముఖమునకు బోల్టులతో బిగించుట సరియైన పద్ధతి. కన్నములు నిలువు ముఖపు నడిమి భాగముననే వేయవలెను. పై క్రింది అంచులకు వేయరాదు.

మన తీరమున మఱియొక శత్రువు కలడు: తుప్పు. ఉప్పుగాలియు, చేపల పెట్టెలనుండి కాఱు ఉప్పునీరును పట్టెల లోపలి మూలలలో నిలిచిపోవును. మూడు మిల్లీమీటర్ల రేకులో ఒక మిల్లీమీటరు తుప్పు తినినచో సుమారు మూడవవంతు బలము పోయినట్లే. పైరంగు చూచి మోసపోక, చిన్న సుత్తితో పట్టె పొడవునా తట్టి చూడుడు. గణగణమను చోట ఇనుమున్నది. బొదబొదమను చోట పొర లేచినది. అట్టి చట్రముమీద క్రొత్త బరువు నిలుపుట ప్రమాదము.

చట్రము సరిపోయిననుకూడ పని ముగియదు. పెద్ద యింజను బలమును క్లచ్చియు, గేరుబాక్సును, వెనుక ఇరుసు పండ్లచక్రములును ఓర్వవలెను. ఇంజను ఎత్తు మారిన యెడల ప్రొపెల్లరు షాఫ్టు కోణము చెడి, జాయింట్లు త్వరగా అరుగును. పాత రేడియేటరు చల్లార్పజాలదు. ముందు చక్రములమీద బరువు పెరిగి స్టీరింగు కష్టమగును. అన్నిటికంటె ముఖ్యమైనవి బ్రేకులు. వేగము 40 నుండి 60 కిలోమీటర్లకు పెరిగినచో బ్రేకులు ఆపవలసిన శక్తి ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంబాతిక రెట్లగును. 16వ జాతీయ రహదారిమీద లారీల నడుమ పోవు బండికి ఈ లెక్క ప్రాణముతో సమానము.

బిట్రగుంటలో ఆవిరి ఇంజనుల షెడ్డు నడచిన కాలము మన మండలపు పెద్దలకు జ్ఞాపకమే. ఏ మార్గమున నెంత బరువుగల ఇంజను పోవచ్చునో రైలువారు పట్టాలను వంతెనలను చూచియే నిర్ణయింతురు. బండ్లు చేయువారి నడవడియు నట్టిదే. టాటావారు 2005లో ఏస్ అను చిన్నబండిని 702 ఘనసెంటీమీటర్ల, 16 అశ్వశక్తుల యింజనుతో తెచ్చిరి. ప్రజలు దానిని ఛోటా హాథీ యనిరి. 2009లో 1405 ఘనసెంటీమీటర్ల, 70 అశ్వశక్తుల యింజను పెట్టదలచినప్పుడు దానిని పాత బండిలోనికి దింపలేదు. సూపర్ ఏస్ అను పేర వేఱొక పెద్దబండినే నిర్మించిరి. కర్మాగారము గలవారే చేయని పనిని రహదారి ప్రక్క వెల్డింగు కొట్టు చేయగలదా?

చట్టమును చూతము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నమగునట్లు యజమాని బండిని మార్పరాదు. ఆమోదింపబడిన కిట్టుతో గ్యాసునకో విద్యుత్తునకో మార్చుకొనుట వంటి వానికి అధికారి అనుమతితో వీలు కలదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు, కేరళనుండి వచ్చిన వ్యాజ్యమున, తయారీదారు మూలరూపమునకు విరుద్ధమైన మార్పులు చెల్లవని తీర్పు చెప్పెను. అదే యేడు జరిగిన చట్టసవరణ, అనుమతిలేని ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానాగాని, ఆరు నెలల వఱకు ఖైదుగాని, రెండునుగాని విధించెను. అదే రకపు ఇంజనును వేసికొన్నను నంబరు మారును గనుక, రిజిస్టరు చేయు అధికారికి తెలిపి ఆర్.సి.లో వ్రాయించుకొనవలెను. చెప్పక మార్చిన బండికి ప్రమాదము జరిగినచో బీమావారు పరిహారమును నిరాకరించుటకు చోటు కలుగును. అప్పుడు అప్పు మిగులును, బండి మిగులదు.

కాబట్టి సోదరులు ఈ క్రమమున నడచుకొనుట మేలు. మొదట, బండి ఇంజను ఎందుకు నీరసించినదో మంచి మెకానిక్కుచే చూపింపవలెను. గాలి ఫిల్టరు మూసుకొనుట, ఇంజెక్టర్లు చెడుట, కంప్రెషను తగ్గుట, క్లచ్చి జాఱుట, బ్రేకులు పట్టియుండుట, వీనిలో నేదో యొకటి తఱచు కారణముగా నుండును. రెండవది, ఆర్.సి.లో వ్రాసిన బరువునకు మించి వేయుచున్నారేమో కాటా వేయించి తెలిసికొనవలెను. మూడవది, నిజముగా పని పెరిగియున్నచో చిన్నబండిని అమ్మి తగిన పెద్దబండిని కొనవలెను; ఒక్కరికి శక్తి చాలనిచో నలుగురు కలిసి కొని వంతులవారీగా వాడుకొనవచ్చును. సహకారమనగా నిదియే గదా.

కోఁతల దినములలోను, చేపల వేళలలోను ఈ బండ్ల వెనుక కూలివాండ్రను, ఆడువారిని ఎక్కించుకొని పోవుట చట్టవిరుద్ధమైనను మనము చూచుచునే యున్నాము. తెగిన పట్టెకు మఱల పట్టీ వేయవచ్చును. ఆ బండినుండి పడినవారికి వేయుటకు పట్టీ లేదు. ఇంజను బేరమాడుటకు ముందు ఈ మాటను తలచుకొనవలయునని మనవి.