పాత ఇంటికి చల్లని కప్పు

మే నెలలో రాత్రి తొమ్మిది గంటలకు పై అంతస్తు గదిలో కాసేపు కూర్చుని చూడండి. వీధిలో గాలి కొంత చల్లబడి ఉంటుంది. గదిలో మాత్రం ఫ్యాను వేడిగాలినే తిప్పుతూ ఉంటుంది. పసిపిల్లలకు, వృద్ధులకు ఇది ప్రమాదకరం కూడా. రాత్రిపూట శరీరం చల్లబడకపోతే వడదెబ్బ ముప్పు పెరుగుతుంది. ఇలాంటప్పుడు చాలామందికి ముందుగా తోచేది ఏ.సి. కొనడం. కానీ ఇంటికి మరమ్మతులు చేయించే అవకాశం ఉంటే మొదట ఏం చేయాలి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

వేడి ఎటునుంచి వస్తుంది?

హైదరాబాద్ సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందువల్ల మే రెండో వారంలో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. అప్పుడు దక్షిణపు గోడ మీద ఎండ పెద్దగా పడదు. ఎక్కువ ఎండ కాసేది ఇంటి కప్పు మీద. ఆ తరువాత తూర్పు, పడమటి గోడల మీద.

నడి మధ్యాహ్నం ఒక చదరపు మీటరు మీద పడే సౌరశక్తి సుమారు 1000 వాట్లు. మీ డాబా 80 చదరపు మీటర్లు అనుకుందాం. దాని మీద 80 కిలోవాట్ల శక్తి పడుతోందన్నమాట! మాసిన సిమెంటు కప్పు ఇందులో సగానికి పైగా పీల్చుకుంటుంది. కొంత వేడి తిరిగి గాలిలోకి పోతుంది. మిగిలినది కాంక్రీటు గుండా మెల్లగా కిందికి దిగుతుంది. ఇందుకు కొన్ని గంటలు పడుతుంది. అందుకే మధ్యాహ్నపు ఎండ వేడి మనకు సాయంత్రం, రాత్రి తెలుస్తుంది.

మొదటి మెట్టు: వేడిని ఆపడం

తెల్లని ఉపరితలం ఎండలో అధికభాగాన్ని వెనక్కి పంపుతుంది. కాబట్టి మొదట డాబా మీది పగుళ్లు, కారే చోట్లు బాగుచేయించి, శుభ్రంగా కడిగి, తెల్లపూత వేయించాలి. సున్నం చవకైనది, కానీ వానలకు కొట్టుకుపోతుంది కనుక ఏటా వేసవికి ముందు మళ్లీ వేయాలి. వేడిని తిప్పికొట్టే రంగులు, తెల్ల టైలు ముక్కల పరుపు ఎక్కువ కాలం ఉంటాయి. దుమ్ము పేరుకుంటే తెల్లదనం తగ్గుతుంది. అప్పుడప్పుడు కడగడం మరవకూడదు.

ఇది చిన్న చిట్కా అని తీసిపారేయకండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులను ఇలా మార్చాలని లక్ష్యంగా పెట్టుకుంది.

పడమటి కిటికీకి లోపల తెర వేస్తే ఎండ అప్పటికే అద్దం దాటి వచ్చేసి ఉంటుంది. కనుక నీడ బయట ఉండాలి. చూరు, వెదురు తడక, తీగ పందిరి ఏదైనా సరే. తడిపిన వట్టివేళ్ల తడికలు పొడిగాలి ఉన్న చోట బాగా పనిచేస్తాయి. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2400 కిలోజౌళ్ల వేడి కావాలి. ఆ వేడిని నీరు గాలి నుంచి తీసుకుంటుంది. విశాఖపట్నం వంటి తీరప్రాంతాల్లో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి అక్కడ ఫలితం తక్కువ.

రెండో మెట్టు: తక్కువ కరెంటు తాగే పరికరాలు

పాతరకం సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. బి.ఎల్.డి.సి. మోటారు ఫ్యానుకు 30 వాట్లు చాలు. రోజుకు 12 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యానుకు 540 వాట్ అవర్లు, అంటే 0.54 యూనిట్లు మిగులుతాయి. మూడు ఫ్యాన్లకు నెలకు దాదాపు 48 యూనిట్లు! 2023 నుంచి సీలింగ్ ఫ్యాన్లకూ స్టార్ లేబుల్ తప్పనిసరి. కొనేముందు దానిని చూడండి.

ఆపైన కూడా ఏ.సి. అవసరమైతే, కప్పు చల్లబడిన గదికి చిన్నది సరిపోతుంది. ఏ.సి. వేడిని మాయం చేయదు. గదిలోని వేడికి తన కరెంటు వేడిని కూడా కలిపి వీధిలోకి పంపుతుంది.

మూడో మెట్టు: సౌరఫలకాలు

ఒక కిలోవాట్ సౌరఫలకాలు మన ప్రాంతంలో రోజుకు సగటున 4 యూనిట్ల వరకు ఇస్తాయి. ఇవి చివర ఎందుకు? వాడకం ముందే తగ్గించుకుంటే తక్కువ ఫలకాలతో పని జరుగుతుంది. అవి కప్పుకు నీడ కూడా ఇస్తాయి.

పడగొట్టి కట్టడం మేలు కాదా?

సిమెంటు తయారీలో సున్నపురాయిని కాలుస్తారు. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి విడిపోతే 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. బొగ్గు పొగ దీనికి అదనం. గట్టిగా ఉన్న పాత ఇంటిని నిలబెట్టుకుంటే కొత్త సిమెంటు అవసరం, దానితో వచ్చే ఈ కాలుష్యం చాలావరకు తప్పుతాయి.

మీరే చేసి చూడండి

ఒకే కొలత గల రెండు రేకు డబ్బాలు తీసుకోండి. ఒకదానికి సున్నం పూయండి, రెండోదానికి నల్లరంగు వేయండి. రెండింటిలో సమానంగా నీళ్లు పోసి, మూతపెట్టి, రెండు గంటలు ఎండలో ఉంచండి. థర్మామీటరుతో ఉష్ణోగ్రతలు కొలిచి రాసుకోండి. ఆ కాగితాన్ని ఇంట్లో పెద్దవాళ్లకు చూపించండి. ఈసారి మరమ్మతుల ఖర్చు గురించి మాట్లాడుకునేటప్పుడు వారు మీ మాట కూడా వింటారు.