రెండు రోజులు.. ఇద్దరికే!
వారాంతపు విహారానికి దూరం కాదు, చేతికి మిగిలే గంటలే కొలమానం

ఆదోని, ఎమ్మిగనూరు: పెళ్లయి ఏడాది తిరిగినా ఒక్క పూట తీరిగ్గా కూర్చొని మాట్లాడుకోలేని దంపతులు జిల్లా పశ్చిమ ప్రాంతంలో తక్కువేమీ కాదు. ఉమ్మడి కుటుంబం, దుకాణం, జిన్నింగు మిల్లు, మగ్గం, బడి ఉద్యోగం.. వీటితోనే వారం గడిచిపోతుంది. ఆదివారం వచ్చిందంటే ఇంటికి బంధువులు వస్తారు. ఎప్పుడో రెండు రోజుల సెలవు దొరికి ‘ఎక్కడికైనా వెళ్లొద్దాం’ అనుకుంటే, ఆ మాట చెవిన పడిన వారందరూ సిద్ధమవుతారు. ఇద్దరి విహారం కాస్తా పది మంది తీర్థయాత్రగా మారుతుంది. తీర్థయాత్రను కాదనలేం గానీ, అది వేరు, ఇది వేరు.

ఇద్దరే వెళ్లాలని గట్టిగా నిర్ణయించుకున్న వారు కూడా చేసే పొరపాటు ఒకటుంది. పేరున్న చోటునే ఎంచుకుంటారు తప్ప, అక్కడ తమకు ఎన్ని గంటలు మిగులుతాయో లెక్క వేసుకోరు. శ్రీశైలాన్నే తీసుకుందాం. ఆదోని నుంచి కర్నూలుకు దాదాపు వంద కిలోమీటర్లు. అక్కడి నుంచి ఆత్మకూరు, దోర్నాల మీదుగా మరో 180 కిలోమీటర్లు. చివరి భాగమంతా నల్లమల ఘాట్ రోడ్డు. రాత్రి వేళ అటవీశాఖ గేట్లు మూసి వాహనాలను ఆపేస్తుంది. శనివారం తెల్లవారుజామున బయలుదేరినా చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. దర్శనం, గది వెతుకులాటతో ఆ రోజు ముగుస్తుంది. ఆదివారం తిరుగు ప్రయాణం. దంపతులు పక్కపక్కనే కూర్చున్నది కారులో మాత్రమే! మూడు రోజుల సెలవు ఉన్నప్పుడు నల్లమల అందం అనుభవించదగినదే. రెండు రోజులకు తగదు.

మూడు గంటల దూరంలో హంపి

సరిహద్దు రేఖను పక్కన పెట్టి చూస్తే పశ్చిమ ప్రాంత వాసులకు అన్ని విధాలా అనువైన చోటు హంపి. ఆదోని నుంచి ఆలూరు, బళ్లారి, హోసపేట మీదుగా సుమారు 130 కిలోమీటర్లు. ఎమ్మిగనూరు వారికి మరో ముప్పై అదనం. ఉదయం ఆరు గంటలకు కదిలితే టిఫిన్ బళ్లారిలో, పది గంటలకల్లా కమలాపురంలో ఉండవచ్చు. కర్ణాటకలో పెట్రోలు ధర మనకంటే తక్కువ కనుక ట్యాంకు బళ్లారిలో నింపుకోవడం ఇక్కడి వారికి అలవాటే. అద్దె కారులో వెళ్లేవారు మాత్రం కర్ణాటక పర్మిట్ సంగతి ముందే తేల్చుకోవాలి. లేకుంటే సరిహద్దు వద్దే విహారం చేదెక్కుతుంది. సొంత వాహనం లేనివారికి గుంతకల్లు నుంచి హోసపేటకు రైళ్లున్నాయి. ఎమ్మిగనూరుకు రైలు లేదు కనుక అక్కడి వారు ముందుగా ఆదోనికో, గుంతకల్లుకో చేరుకోవాలి.

హంపిని 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2021లో విజయనగర జిల్లా ఏర్పడినప్పటి నుంచి ఇది బళ్లారి జిల్లాలో లేదు. మనకు ఇది పరాయి చోటేమీ కాదు. ఆదోని కోట కూడా ఒకనాడు విజయనగర రాజ్యపు దుర్గమే. 1565 నాటి రాక్షసతంగడి యుద్ధం తర్వాతే బిజాపూర్ సుల్తానుల వశమైంది. హోసపేట పుట్టుక వెనుక ఓ ప్రేమకథ కూడా ఉంది. కృష్ణదేవరాయలు తనకు ఎంతో ప్రియమైన రాణి కోసం ఆ పట్టణాన్ని కట్టించాడని పోర్చుగీసు యాత్రికుడు పేస్ రాశాడు. తల్లి నాగలాంబ పేరిట నాగలాపురంగా కట్టించాడని చెప్పేవారూ ఉన్నారు. ఏది నిజమో దంపతులు దారిలో వాదించుకోవచ్చు.

అక్కడికి చేరాక అన్నీ చూసేయాలన్న ఆరాటం వద్దు. అంత విస్తారమైన శిథిలాలను రెండు రోజుల్లో ఎవరూ చూడలేరు. మొదటి రోజు మధ్యాహ్నం ఎండలో తిరగకుండా విశ్రాంతి తీసుకొని, సాయంత్రం హేమకూటం బండల మీద కూర్చుంటే విరూపాక్షుని గోపురం వెనుక పొద్దు వాలడం చూడవచ్చు. రెండో రోజు తెల్లవారక ముందే మాతంగ పర్వతం ఎక్కగలిగితే సూర్యోదయం మరపురానిది. విఠలాలయంలోని రాతి రథం యాభై రూపాయల నోటు మీద ఉన్నదే. ఆ ఆలయానికి తీసుకున్న టికెట్టు అదే రోజు కమలమహలుకూ చెల్లుతుంది కనుక రెండింటినీ ఒకే రోజు పెట్టుకోవడం మేలు. పుట్టిలో నది దాటి ఆనెగొంది వెళితే జనం పలచబడతారు. వరి మళ్లు, అరటి తోటలు, మధ్యలో రాతి గుట్టలు.. మాట్లాడుకుంటూ నడవడానికి ఇంతకంటే మంచి చోటు ఈ చుట్టుపక్కల లేదు. అంజనాద్రి ఎక్కదలచిన వారు 575 మెట్లకు సిద్ధపడాలి. రణమండల కొండ ఎక్కిన ఆదోని వారికి అదేమంత కష్టం కాకపోవచ్చు. కమలాపురానికి చేరువలోనే దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యం ఉంది. సాయంత్రం పూట గోపురం పైనుంచి చూస్తే ఎలుగుబంట్లు బండల మీదికి దిగి వస్తాయి.

నదితో, చీకటితో జాగ్రత్త

ఇక్కడి ప్రశాంతతను నమ్మి ఏమరుపాటుగా ఉండరాదు. 2025 ఫిబ్రవరిలో సణాపురం వద్ద తుంగభద్రలో ఈతకు దూకిన హైదరాబాదు యువ వైద్యురాలు ప్రవాహంలో కొట్టుకుపోయి మరణించారు. పైకి నిలకడగా కనిపించే నీటి అడుగున బండల మధ్య ప్రవాహం చాలా వేగంగా ఉంటుంది. ఆ మరుసటి నెలలోనే, అదే సణాపురం సమీపంలో రాత్రి వేళ కాలువ గట్టున కూర్చున్న పర్యాటకులపై దుండగులు దాడి చేశారు. ఇద్దరు మహిళలపై అత్యాచారం జరిగింది. కాలువలోకి తోసివేసిన ఒక యువకుడు ప్రాణాలు కోల్పోయాడు. ఏకాంతం కోసం జనసంచారం లేని చోటుకు, అదీ చీకటి పడ్డాక వెళ్లడం ఎంతమాత్రం తగదు. వెన్నెల చూడాలనుకుంటే బస చేసిన చోటి మేడ చాలు. వరద కాలంలో పుట్టిలు నిలిపివేస్తారు. బతిమాలి ఎక్కవద్దు.

బస విషయంలో పాత వివరాలను నమ్ముకొని వెళ్లేవారు ఇబ్బంది పడుతున్నారు. నదికి అవతల విరూపాపుర గడ్డలోని రిసార్టులు ఇప్పుడు లేవు. సుప్రీంకోర్టు తీర్పు మేరకు 2020లో వాటిని కూల్చివేశారు. కమలాపురం, హోసపేట, ఆనెగొందిలలో గదులు దొరుకుతాయి. దసరా, సంక్రాంతి, హంపి ఉత్సవాల రోజుల్లో ముందే ఖాయం చేసుకోకుంటే ధర రెట్టింపైనా ఆశ్చర్యపోనక్కరలేదు. ఇద్దరి గుర్తింపు కార్డులూ వెంట ఉండాలి. కొత్తగా పెళ్లైన వారిలో అమ్మాయి కార్డు మీద పుట్టింటి ఇంటిపేరే ఉంటుంది. లాడ్జి గుమాస్తా అనుమానంగా చూస్తే విహారం మొదట్లోనే మనసు నొచ్చుకుంటుంది. ఫోనులో గది అడిగేటప్పుడే ఈ సంగతి చెప్పి ఉంచితే సరిపోతుంది.

ఎప్పుడు వెళ్లాలి?

ఏప్రిల్, మే నెలల్లో హంపి బండలు పెనంలా కాలుతాయి. ఆషాఢంలో కొత్త కోడలు పుట్టింట్లో ఉంటుంది. ఆమె తిరిగి వచ్చే శ్రావణంలో తుంగభద్ర నిండుగా పారుతుంది, కొండలు పచ్చబడతాయి. అయితే ఉరుకుంద ఈరన్న స్వామి భక్తులతో, మంత్రాలయం ఆరాధనోత్సవాలతో కౌతాళం, మాధవరం దారులు కిక్కిరిసి ఉంటాయి. ఆదోని నుంచి ఆలూరు వైపు కదిలేవారికి ఆ బెడద తక్కువ. అక్టోబరు నుంచి పత్తి రాక మొదలైతే కమీషను వ్యాపారులకు, మిల్లుల వారికి తీరిక ఉండదు. వారికి సెప్టెంబరే మంచిది.

తిరుగు ప్రయాణంలో హోసపేట వద్ద ఒక గంట కేటాయించి తుంగభద్ర జలాశయం చూడవచ్చు. మన పొలాలకు దిగువ కాలువ నీరు వచ్చేది ఇక్కడి నుంచే. 2024 ఆగస్టు 10 రాత్రి కొట్టుకుపోయిన 19వ గేటు కూడా దీనిదే.

రెండు రోజులు కుదరకుంటే..

ఒక్క పూట మాత్రమే దొరికే వారికి గోనెగండ్ల మండలంలోని గాజులదిన్నె జలాశయం ఉంది. హంద్రీ మీద కట్టిన ఈ జలాశయం గట్టున సాయంత్రం చల్లగా ఉంటుంది. చీకటి పడకముందే ఎమ్మిగనూరు చేరుకోవచ్చు. ఒక పగలు చేతిలో ఉంటే పత్తికొండ, గుత్తి దారిలోని ఎర్రగుడి వద్ద అశోకుని శిలాశాసనాలు చూసి, గుత్తి కోట ఎక్కి రావచ్చు. నంద్యాల జిల్లాలోని బెలూం గుహలు చూడదగినవే గానీ, లోపల ఉక్కపోత. ఊపిరి సలపని చోట కబుర్లు సాగవు.

వీటన్నిటికంటే కష్టమైన పని ఇంట్లో చెప్పడం. మేమిద్దరమే వెళతామని పెద్దల ముందు అనడానికి నేటికీ చాలామంది సంకోచిస్తున్నారు. ఏదో పని ఉందని అబద్ధం చెప్పి బయలుదేరితే రెండు రోజులూ ఫోను మోగినప్పుడల్లా గుండె దడే. పది రోజుల ముందే నేరుగా చెప్పడం నయం. పిల్లలను అమ్మమ్మ దగ్గరో, నానమ్మ దగ్గరో వదిలే పక్షంలో, పండుగకో పౌర్ణమికో వారినీ మంత్రాలయం తీసుకువెళ్లే మాట ఇచ్చి మరీ వెళ్లాలి. ఎమ్మిగనూరు నుంచి అది గంటలోపు ప్రయాణమే.