పెరటి తీగల పంతాలు

మాఘ శుద్ధ సప్తమి రథసప్తమి పర్వదినం. ఆనాడు ఆరుబయట సూర్యకిరణాలు సోకే చోట పాలు పొంగించి, పరమాన్నం వండి, చిక్కుడు ఆకులలో ఆదిత్యునికి నివేదించడం మన ఇళ్లలో ఆచారం. చిక్కుడుకాయలకు పుల్లలు గుచ్చి చిన్న రథాన్ని కూర్చడమూ కద్దు. ఆ వేళకు మన పెరళ్లలో ఆకూ కాయా నిండుగా ఉండే తీగ చిక్కుడే. ఎంత ముందుగా విత్తినా, ఎంత నీరు పోసినా, నాటు చిక్కుడు తన కాలం రానిదే పూయదు.

ఈ స్వభావం తెలియక నష్టపోయేవారు ఉన్నారు. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో నీటి విలువ ఎరుగని ఇల్లు ఉండదు. ఆషాఢంలో విత్తిన తీగకు మూడు నెలలు బిందెలతో నీరు పోసిన పిమ్మట, పందిరి నిండా ఆకులే తప్ప పువ్వు కానరాలేదని ఆశ్వయుజంలో దానిని పెరికివేస్తే, ఆ నీరూ శ్రమా వ్యర్థమే. మరికొన్ని వారాలు ఓపిక పట్టి ఉంటే ఆ తీగే సంక్రాంతి దాటేవరకు ఇంటిల్లిపాదికీ కూర ఇచ్చి ఉండేది.

దీనికి కారణం పగటి నిడివి. మన ప్రాంతంలో జూన్ మాసాంతాన పగలు 13 గంటలకు పైగా ఉంటుంది. డిసెంబరులో 11 గంటలకు తగ్గుతుంది. పగళ్లు కురచబడి రాత్రులు పెరిగినప్పుడే నాటు చిక్కుడు పూతకు వస్తుంది. పగటి నిడివిని బట్టి మొక్కలు పూస్తాయని 1920లో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గార్నర్, అలార్డ్ అనే శాస్త్రవేత్తలు పొగాకు, సోయా చిక్కుడు మొక్కలపై పరిశీలించి ప్రకటించారు. మొక్క లెక్కించేది నిజానికి చీకటి నిడివినని తరువాతి పరిశోధనలు తేల్చాయి. కావున రాత్రంతా దీపం వెలుగు పడే చోట చిక్కుడు నాటరాదు. పూత ఆలస్యం కావచ్చు. కాలంతో నిమిత్తం లేకుండా కాయలు కోరేవారికి బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క జయ్, అర్క విజయ్ వంటి పొద చిక్కుడు రకాలు ఉన్నాయి. అవి పగటి నిడివిని పట్టించుకోవు.

గుమ్మడి పంతం మరొక విధం. పువ్వులు విరివిగా పూస్తాయి, కానీ రాలిపోతాయి. తెగులు సోకిందని భయపడి మందు చల్లేవారు ఉన్నారు. గుమ్మడి, సొర, బీర, పొట్ల తీగలకు మగ పువ్వులు, ఆడ పువ్వులు వేర్వేరుగా ఉంటాయి. సాధారణంగా మొదట వచ్చేవి మగ పువ్వులే. పూసి రాలడం వాటికి సహజం. ఆడ పువ్వు అడుగున చిన్న పిందె ఉంటుంది, దానిని బట్టి గుర్తించవచ్చు. ఒక మగ పువ్వు పుప్పొడి దానికి చేరితేనే ఆ పిందె నిలుస్తుంది. ఆ పని తేనెటీగలది. పూత వేళ పురుగుమందు చల్లితే తేనెటీగలు చచ్చి, కాయలు లేకుండా పోతాయి.

ఈగలు రాని మేడలపైన ఆ సేవ మనమే చేయవచ్చు. మగ పువ్వును కోసి, రేకులు తీసి, నడుమనున్న పుప్పొడిని ఆడ పువ్వు మధ్యభాగానికి మెల్లగా తాకిస్తే చాలును. అయితే వేళ ఎరగాలి. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చి ఎండ ముదిరేసరికి ముడుచుకొంటుంది. సొర, బీర పువ్వులు సాయంసంధ్యలో విచ్చుకొంటాయి. పొట్ల పువ్వు రాత్రి విచ్చుతుంది. బతుకమ్మకు గుమ్మడి పూలు కోసే అమ్మలు కూడా పిందె ఉన్న పువ్వును వదలి, మగ పువ్వులను కోసుకొని, కొన్నింటిని తీగకే ఉంచితే పండుగకూ లోటు రాదు, కాయకూ లోటు రాదు.

వానాకాలంలో మన సంతలకు వచ్చే బోడకాకర ఇంకా విచిత్రమైనది. అందులో మగ తీగ వేరు, ఆడ తీగ వేరు. ఒక్క తీగనే పెంచుకొని కాయ కోసం ఎదురు చూడడం నిష్ప్రయోజనం. పది ఆడ తీగలకు ఒక మగ తీగ చొప్పున దగ్గరలో ఉండాలి. వేసవిలో తీగ ఎండిపోయినా భూమిలో గడ్డ బ్రతికే ఉండి, తొలకరికి మరల చిగురిస్తుంది. ఎండిన తీగను చూసి గడ్డను తవ్వి పారవేయరాదు. ఇందుకు భిన్నంగా, మన పెరటి దొండకు మగ తీగ అవసరమే లేదు. కొమ్మ ముక్క నాటితే చాలు, పరాగం చేరకున్నా కాస్తుంది.

ఇక నీటి మాట. మన ప్రాంతపు నల్లరాతి పొరల నుండి భూగర్భజలంలోకి ఫ్లోరైడ్ దిగుతుంది. లీటరు నీటిలో అది 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఆ పరిమితి మించిన నీటిని త్రాగి ఎముకలు వంగిన వారి బాధ నల్లగొండ జిల్లా ఎరిగినదే. పటికతోను సున్నంతోను ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరే స్థిరపడింది. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న బోరునీటిని ఆకుకూరలకు పోయడం కూడా మంచిది కాదు. బియ్యం, కూరగాయలు కడిగిన మంచినీటినీ, వాననీటినీ మొక్కలకు మళ్లించడం మేలు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు గల డాబాపై 10 మిల్లీమీటర్ల వాన కురిస్తే 1,000 లీటర్ల నీరు లభిస్తుంది. మునగాకు, తోటకూర వంటివి కాల్షియం సమృద్ధిగా ఇస్తాయి. ఫ్లోరైడ్ బాధ ఉన్న చోట ఆహారంలో కాల్షియం, విటమిన్ సి లోపించరాదని వైద్యులు చెబుతారు. అయినను, కూర మందుకు బదులు కాదు. శుద్ధజలం త్రాగడమే మొదటి రక్షణ.

తొలకరికి ముందే రెండు పాదులు త్రవ్వి, ఎర్రమట్టిలో మాగిన పశువుల ఎరువు కలిపి ఉంచండి. ఒకదానిలో చిక్కుడు, మరొకదానిలో గుమ్మడి విత్తండి. స్థలం లేనివారు పెద్ద కుండీలో చిక్కుడు ఒక్కటే పెంచినా చాలును. విత్తిన తిథిని గోడపై వ్రాసుకొనండి. పూత రాలేదని తీగను పెరుకబోయే ముందు దాని కాలం వచ్చినదో లేదో ఆ తిథిని బట్టి, ఋతువును బట్టి చూసుకొనండి. రథసప్తమినాటికి మీ పందిరి ఆకులలోనే పరమాన్నం వడ్డించి, మీ చిక్కుడుకాయలతోనే సూర్యభగవానునికి రథం కూర్చుకొనే భాగ్యం కలుగుతుంది.