తలుపు వేసుకుంటే చాలదు: జపాన్ కొండ సత్రాల్లో వేడినీటి స్నానం

జపాన్ అగ్నిపర్వతాల దేశం. భూగర్భపు వేడికి కాగిన నీరు ఖనిజాలను కలుపుకొని కొండ ప్రాంతాల్లో ఊటలుగా పైకి వస్తుంది. ఈ ఊటలను ఆ దేశస్తులు ‘ఒన్సెన్’ అంటారు. 1948 నాటి చట్టం ప్రకారం ఊట వద్ద నీటి వేడి కనీసం 25 డిగ్రీలైనా ఉండాలి, లేదా నిర్ణీత ఖనిజాల్లో ఏదైనా తగినంత ఉండాలి. ఈ ఊటల చెంతనే ‘ర్యోకాన్’ అనే సంప్రదాయ సత్రాలు వెలిశాయి. యమనషి కొండల్లోని కెయున్‌కాన్ సత్రం క్రీ.శ. 705లో మొదలైందని ప్రతీతి. డమాస్కస్‌లో ఉమయ్యద్ ఖలీఫా వలీద్ పాలన చేపట్టింది కూడా ఆ ఏడాదే. ప్రపంచంలోకెల్లా పురాతనమైన హోటల్‌గా అది గిన్నిస్ గ్రంథంలో నమోదైంది.

వారి ఆచారం, మన హద్దు

సత్రాల్లోని పెద్ద కొలనుల్లో సాధారణంగా స్త్రీలకు, పురుషులకు వేర్వేరు ఏర్పాట్లుంటాయి. అయితే లోపలికి వెళ్ళేవారు బట్టలన్నీ విడిచి వెళ్ళాలి. ముందుగా పీటపై కూర్చుని ఒళ్ళంతా సబ్బుతో రుద్ది కడుక్కోవాలి. ఆ తరువాతే కొలనులోకి దిగాలి. చేతి తువ్వాలు కూడా నీటిని తాకకూడదు. అందరూ పంచుకునే నీరు మురికి కాకూడదన్నదే ఈ కట్టుబాటు ఉద్దేశం. దీనిని సిగ్గుమాలిన పనిగా చూడటం ఆ ప్రజలకు అన్యాయం చేయడమే అవుతుంది.

అయినా మన హద్దు మనదే. సూరె నూర్ విశ్వాసులైన స్త్రీ పురుషులిద్దరినీ చూపులు వాల్చుకోమని, శీలాన్ని కాపాడుకోమని ఆదేశిస్తోంది. పురుషుడు మరో పురుషుని సతర్‌ను గాని, స్త్రీ మరో స్త్రీ సతర్‌ను గాని చూడరాదని హదీసు తెలుపుతోంది. కనుక ‘అంతా ఆడవాళ్ళమే కదా’, ‘అంతా మగవాళ్ళమే కదా’ అన్న సమాధానం చెల్లదు.

జపాన్ వారే చూపిన దారి

మరి ముస్లిం కుటుంబం ఆ నీటికి దూరంగా ఉండవలసిందేనా? అక్కర లేదు. చాలా సత్రాల్లో ‘కషికిరి’ స్నానశాలలు ఉన్నాయి. వీటిని ఒక్క కుటుంబానికే కొంతసేపు కేటాయిస్తారు. సాధారణంగా ముప్పావుగంట నుంచి గంట వరకు గడువు ఉంటుంది. కొన్నిచోట్ల రుసుము తీసుకుంటారు, కొన్నిచోట్ల ఉచితం. గది వెనుకనే సొంత కొలను ఉన్న బసలూ ఉన్నాయి, వాటి ధర ఎక్కువ. హకోనె, కురొకవా వంటి ప్రసిద్ధ క్షేత్రాల్లో ఈ రెండు రకాలూ దొరుకుతాయి. ఇవి విదేశీయుల కోసం పుట్టిన ఏర్పాట్లు కావు. పసిపిల్లల తల్లులు, వృద్ధులకు సాయం చేయవలసినవారు, ఒంటిపై శస్త్రచికిత్స మచ్చలున్నవారు అక్కడివారే వీటిని కోరుకుంటారు. అందువల్ల అడగడానికి సంకోచించనక్కర లేదు.

కుటుంబంలోనూ మర్యాద ఉంది

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. భార్యాభర్తలు కలిసి స్నానం చేయడంలో దోషం లేదు. దైవప్రవక్త (స), హజ్రత్ ఆయిషా (రజి) ఒకే పాత్రలోని నీటితో స్నానం చేసేవారని హదీసుల్లో ఉంది. కాని ‘కుటుంబ స్నానం’ అన్న పేరు చూసి ఎదిగిన పిల్లలతో కలిసి దిగడం సరికాదు. తండ్రీ కొడుకుల మధ్య, తల్లీ కూతుళ్ళ మధ్య కూడా సతర్ నియమం వర్తిస్తుంది. పదమూడేళ్ళ అమ్మాయి నోరు తెరిచి చెప్పకపోవచ్చు, ఆమె ఇబ్బందిని పెద్దలే గ్రహించాలి. వంతులవారీగా వెళ్ళడం మేలు. లేదా స్నానపు వస్త్రం ధరించవచ్చా అని యాజమాన్యాన్ని ముందే అడగాలి. ఆరుబయటి కొలనైతే ఎదుటి కొండ నుంచి, పై అంతస్తుల నుంచి కనబడుతుందేమో చూసుకోవాలి.

బయలుదేరే ముందు

గది ఖాయం చేసుకునేటప్పుడే స్నానశాలతో పాటు భోజనం సంగతీ చెప్పాలి. జపాన్ వంటల్లో సాకే, మిరిన్ అనే మద్యాలు తరచుగా కలుస్తాయి. రాత్రి భోజనానికి సరుకులు ముందే సిద్ధమవుతాయి కనుక చేరుకున్నాక చెబితే లాభం ఉండదు.

స్నానపు వేళను నమాజు వేళలతో సరిచూసుకోవాలి. డిసెంబరులో టోక్యో ప్రాంతంలో సాయంత్రం నాలుగున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు. ఏమరుపాటుగా ఉంటే అస్ర్ దాటిపోతుంది. అక్కడి నుంచి ఖిబ్లా పడమరకు కొంచెం ఉత్తరంగా ఉంటుంది. గంధకం వల్ల నీటి వాసన, రంగు మారినా సందేహం వద్దు. ఊటలోనే అలా మారిన నీరు పరిశుద్ధమే, దానితో గుసుల్ చెల్లుతుంది.

కొలను నీరు తరచుగా 40 నుంచి 42 డిగ్రీల వేడితో ఉంటుంది. భోజనం చేసిన వెంటనే దిగకూడదు, ఎక్కువసేపు ఉండకూడదు. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు, గర్భిణులు ముందుగా వైద్యుని సంప్రదించాలి.

ఆతిథేయుల ఆచారాన్ని కించపరచకుండానే మన నియమాన్ని మర్యాదగా చెప్పవచ్చు. కొలనులోకి దిగే ముందు ఒళ్ళు కడుక్కోమనే వారి శుచిని మనం ఇష్టంగా పాటించవచ్చు. కొండల నడుమ వెచ్చగా ఉబికే ఆ నీరు అల్లాహ్ అనుగ్రహమే. ఆ అనుగ్రహాన్ని లజ్జను కాపాడుకుంటూ అనుభవించడమే దానికి తగిన కృతజ్ఞత.