గడియసేపటి స్వాతంత్ర్యము

కల్లూరు వంటి ఊరిలో ఒక ఇంటి యజమాని మరణించినచో, పరామర్శకు వచ్చిన వారందరు "ఇక ఈమె గతి యేమి?" అని అడుగుదురు. "ఇక ఈమె ఇష్టమేమి?" అని అడుగువారు అరుదు. ఆ రెండవ ప్రశ్నను అమెరికా రచయిత్రి కేట్ షోపాన్ 1894లో ఒక చిన్నకథ ద్వారా అడిగినది.

"ఒక గంట కథ" అను పేర ప్రసిద్ధమైన ఆ రచన నాలుగు పుటలకు మించదు. గుండెజబ్బు గల ఇల్లాలికి, భర్త రైలు ప్రమాదములో మరణించెనని బంధుమిత్రులు మెల్లగా తెలుపుదురు. ఆమె భోరున ఏడ్చి, ఒంటరిగా గదిలోనికి పోయి, కిటికీ ముందు కూర్చుండును. వెలుపల వసంతకాలపు చిగుళ్ళు, పిట్టల కూతలు. క్రమముగా ఆమెకు ఒక సంగతి తోచును: ఇకపై తన దినములు తనవే! భర్త దుష్టుడు కాడు, ప్రేమగానే చూచుకొనెను. అయినను ప్రేమతో చలాయించిన పెత్తనము కూడ పెత్తనమే. ఇంతలో తలుపు తీసికొని భర్త సజీవుడై లోనికి వచ్చును. ఆమె కుప్పగూలి మరణించును. పట్టరాని సంతోషముచే గుండె ఆగినదని వైద్యులు చెప్పుదురు. నిజము పాఠకునికి మాత్రమే తెలియును.

రచయిత్రి ఈ విషయమును ఊహించి మాత్రమే వ్రాసినది కాదు. ఆమె 1882లో, 32 ఏండ్ల వయస్సున, ఆరుగురు బిడ్డలతో వితంతువై, భర్త విడిచిన వ్యాపారమును కొంతకాలము తానే నడపినది.

మన కథాసాహిత్యములో ఈ అనుభవము వేరొక దారి పట్టినది. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి "అరికాళ్ళక్రింద మంటలు" కథలో బాలవితంతువునకు భర్త మరణము ఏ తలుపును తెరువలేదు; ఉన్న తలుపులనే మూసినది. తెల్లవారినది మొదలు ఇంటిల్లిపాదికి ఊడిగము, దానిపై తిట్లు. తుదకు ఆమె రాత్రివేళ ఇల్లు వెడలి, 1881లో తొలి వితంతు వివాహము జరిపించిన వీరేశలింగముగారి తోటకు బయలుదేరును. అమెరికా ఇల్లాలికి స్వేచ్ఛ కిటికీలోనుండి కనబడినది. మన పిల్ల దానిని గడప దాటి వెదుకుకొనవలసి వచ్చినది. శ్రమజీవులైన పెక్కు కులములలో మారుమనువు ఆచారముండుటచే, ఈ నిర్బంధము అందరికి ఒకే తీరున లేదని కూడ గుర్తింపవలెను.

మనస్సులో కలిగిన స్వేచ్ఛ నిలుచుటకు కాళ్ళ క్రింద నేల వలయును. 1856 నాటి చట్టము వితంతు పునర్వివాహమును అంగీకరించినను, మరల పెండ్లాడిన ఆమెకు మొదటి భర్త ఆస్తిపై హక్కు లేకుండ చేసినది. 1937 చట్టము ఇచ్చినది పరిమితమైన హక్కు మాత్రమే. హిందూ వారసత్వ చట్టము 1956 జూన్ 17న అమలులోనికి వచ్చి, స్త్రీకి తన ఆస్తిపై సంపూర్ణ యాజమాన్యమును ప్రసాదించినది. అప్పటికి కల్లూరు ప్రక్కనున్న కర్నూలే ఆంధ్ర రాష్ట్రమునకు రాజధాని.

చట్టము వచ్చినను పరామర్శ మాటలు అంత త్వరగా మారలేదు. నల్లరేగడి చేను రెండెకరములున్న ఇల్లాలిని సైతము "సంతకము పెట్టుము, మేము చూచుకొందుము" అనువారు నేటికిని కలరు. శ్రోతలారా! ఇకమీద అట్టి ఇంటికి పోయినప్పుడు ఆమె దుఃఖమును ఓదార్చుడు. కాని ఆమెకు బదులు మీరే నిర్ణయములు చేయకుడు. పట్టా ఎవరి పేరనున్నదో తెలిసికొనుటకు తోడ్పడుడు. ఆమె ఇష్టమేమో ఆమెనే అడుగుడు.